వీధిలోని ఇళ్లలో పూర్వం ఎవరుండేవారో తెలుసుకోవడం ఎలా

మనకంటే ముందు ఈ ఇంట్లో ఎవరుండేవారు అన్న ప్రశ్న చాలామందికి ఏదో ఒక రోజు తడుతుంది. గోడ గీకుతున్నప్పుడు అడుగున మరో రంగు బయటపడటంతోనో, ఎన్నడూ వినని పేరుతో ఒక ఉత్తరం గుమ్మంలో పడటంతోనో మొదలయ్యే ఈ కుతూహలాన్ని పద్ధతిగా వెంబడిస్తే నూరేళ్ల వెనక్కి వెళ్లడం అసాధ్యమేమీ కాదు. అయితే ఈ పనిలోకి కొత్తగా దిగినవారు సాధారణంగా తమ ఇంటి నంబరు ఒక్కటే పట్టుకుని తిన్నగా పాత రికార్డుల్లోకి వెళ్తారు, అక్కడే దారి తప్పుతారు. ఒక్క ఇంటి గురించి వెతకడం కన్నా వీధి మొత్తాన్ని ఒకేసారి ముందేసుకుని వెతకడమే తేలికని నా అభిప్రాయం. పని పెరిగినట్టు కనిపిస్తుంది గాని, మన ఇంటి విషయంలో తప్పు జరిగితే దాన్ని పట్టించేవి ఇరుగుపొరుగు ఇళ్లే.

ముందుగా ఇంటిని గుర్తుపట్టాలి

ఇంటి నంబరును నమ్మి మోసపోయినవారు ఎందరో ఉన్నారు. వీధిని పొడిగించినప్పుడు, ఖాళీ స్థలాల్లో కొత్త ఇళ్లు లేచినప్పుడు, రెండు వీధులను కలిపి ఒకే పేరు పెట్టినప్పుడు పాత నంబర్లను తీసేసి కొత్తవి వేస్తారు. షికాగో నగరం 1909లో దాదాపు ఊరంతటికీ నంబర్లు మార్చింది, నడిబొడ్డున ఉన్న వ్యాపార ప్రాంతానికి ఆ మార్పు 1911లో వచ్చింది. కాబట్టి అక్కడి ఒక ఇంటి నేటి నంబరును తీసుకుని 1905 నాటి చిరునామా పుస్తకంలో వెతికితే దొరికే కుటుంబం బహుశా కొన్ని వీధుల అవతల ఉన్న మరో ఇంటిది. బెర్లిన్‌లోని చాలా పాత వీధుల్లో నంబర్లు ఒక వైపున చివరిదాకా వరుసగా నడిచి, అక్కడ మళ్లుకుని రెండో వైపున వెనక్కి వస్తాయి. అటువంటి వీధిలో ఒకటో నంబరుకు ఎదురుగా ఉండేది ఆఖరి నంబరు. సరి సంఖ్యలు ఒక పక్క, బేసి సంఖ్యలు మరో పక్క ఉంటాయనుకుని వెళ్లినవారికి అక్కడ అంతా తలకిందులుగా తోస్తుంది.

నంబర్లు మార్చినప్పుడు కొన్ని నగరాలు పాత నంబరుకు ఎదురుగా కొత్త నంబరు చూపే పట్టికలను అచ్చు వేయించాయి. షికాగోకు అటువంటి పట్టికలున్నాయి. మీ వీధికి అలాంటిది దొరికితే అదృష్టమే. దొరకకపోతే, కదలని గుర్తుల సాయంతో ఆ పట్టికను మనమే తయారు చేసుకోవాలి. మూల మలుపు, అడ్డంగా వచ్చి కలిసే సందు, బడి, ప్రార్థనా మందిరం, అగ్నిమాపక కేంద్రం వంటివి దశాబ్దాల తరబడి అక్కడే ఉంటాయి. ఇంగ్లండులో కెల్లీ సంస్థ అచ్చు వేసిన వీధి డైరెక్టరీల్లో (ఏ ఇంట్లో ఎవరున్నారో వీధులవారీగా చెప్పే పుస్తకాలు) ఇళ్ల వరుస మధ్యలో ఏదైనా వీధి వచ్చి కలిసే చోట 'ఇక్కడ ఫలానా వీధి' అని ఒక పంక్తి వేరుగా ఉంటుంది. చూడటానికి అప్రధానంగా కనిపించే ఆ పంక్తి మనకు ఇంటి యజమాని పేరు కంటే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే మేకు కొట్టినట్టు స్థలాన్ని పట్టి ఉంచేది అదే.

ఒక ఊహాజనిత వీధిని తీసుకుందాం. 1908 డైరెక్టరీలో 20వ నంబరులో రొట్టెల దుకాణదారు, తరువాత ఒక సందు, 22లో దర్జీ, 24లో ఒక వితంతువు, 26లో గడియారాలు బాగుచేసే మనిషి, ఆపైన బడి ఉన్నాయనుకోండి. 1912 డైరెక్టరీలో రొట్టెల దుకాణదారు 41లోను, సందు దాటాక దర్జీ 43లోను, వితంతువు 45లోను, గడియారాల మనిషి 47లోను కనిపించి, ఆ తరువాత అదే బడి వచ్చింది. దర్జీని ఒక్కడినే చూసినవారు అతడు ఇల్లు మారాడని రాసుకుంటారు. వరుస మొత్తాన్ని చూసినవారికి మాత్రం మనుషులెవ్వరూ కదలలేదని, నంబర్లే మారాయని తెలిసిపోతుంది. ఒక కుటుంబం చిరునామా మారితే అది ఇల్లు మారడం, వరుసగా నాలుగు కుటుంబాల చిరునామాలు ఒకే తీరుగా మారితే అది నంబరు మారడం. ఈ ఒక్క సూత్రం కోసమైనా వీధినంతటినీ నకలు చేసుకోవాలి.

నంబరు కుదిరాక, భవనం అదేనా అన్నది మరో ప్రశ్న. ప్రసిద్ధులు నివసించిన ఇళ్లకు ఫలకాలు పెట్టే లండన్ సంప్రదాయంలో మొట్టమొదటిదాన్ని 1867లో కవి బైరన్ పుట్టిన హోలిస్ వీధి ఇంటికి అమర్చారు, 1889లో ఆ ఇంటిని పడగొట్టారు. చిరునామా మిగిలింది గాని ఇల్లు మిగలలేదు. ఇటువంటి సంగతిని పాత పటాలు చెబుతాయి. అమెరికాలో 1867లో మొదలైన శాన్‌బోర్న్ సంస్థ అగ్ని బీమా కంపెనీల కోసం గీసిన పటాలు ఇందుకు మంచి ఉదాహరణ. ఇటుక కట్టడాలకు గులాబీ రంగు, కర్ర కట్టడాలకు పసుపు రంగు వేసి, అంతస్తుల సంఖ్యనూ ఇంటి నంబరునూ వాటిపైనే చూపేవారు. మార్పు జరిగినప్పుడు కొత్త పటం గీయకుండా ఆ ముక్క వరకే సవరించిన కాగితాన్ని పాతదాని మీద అంటించేవారు కాబట్టి, ఒక పటాన్ని చూసేటప్పుడు దాని ముద్రణ సంవత్సరాన్ని మాత్రమే కాక, చివరిసారి సవరించిన సంవత్సరాన్ని కూడా గమనించాలి.

యజమాని వేరు, నివసించినవారు వేరు

ఇంటి దస్తావేజులు చేతిలో ఉంటే సగం పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. దస్తావేజులు చెప్పేది ఇల్లు ఎవరిదన్న సంగతి, ఆ ఇంట్లో ఎవరు వండుకుతిన్నారన్నది కాదు. అయినా వాటితోనే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ప్రతి దస్తావేజూ తనకు ముందున్న దస్తావేజును ప్రస్తావిస్తుంది, ఆ లంకెను పట్టుకుని నేటి నుంచి వెనక్కి మెట్టుమెట్టుగా దిగవచ్చు. భారతదేశంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి లావాదేవీలు ఒకటో పుస్తకంలో నమోదవుతాయి. వాటికి పేర్లను బట్టి ఒక సూచిక, ఆస్తిని బట్టి మరో సూచిక ఉంటాయి, నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా వాటిని చూడవచ్చు. మన పనికి ఆస్తిని బట్టి తయారైన సూచికే ముఖ్యం.

దస్తావేజులో అందరూ దాటేసి పోయే భాగం చివరనుండే షెడ్యూలు. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమరన ఫలానావారి ఖాళీ స్థలం, దక్షిణాన రస్తా అంటూ నాలుగు హద్దులు చెప్పే ఆ నాలుగు పంక్తుల్లో పొరుగిళ్ల యజమానుల పేర్లు అప్రయత్నంగా దొరుకుతాయి. పక్కింటి దస్తావేజులో మీ ఇంటి పాత యజమాని పేరు కూడా అదే విధంగా ఉంటుంది. అయితే లేఖరులు కొత్త దస్తావేజు రాసేటప్పుడు హద్దులను పాత దస్తావేజు నుంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాయడం మామూలే కనుక, పొరుగు యజమాని గతించిన తరువాత కూడా ఆయన పేరు హద్దుల్లో కొనసాగుతూనే ఉండవచ్చు. హద్దుల్లోని పేరు తొలిసారి ఎప్పుడు కనిపించిందో ఆ సంవత్సరానికి విలువ ఎక్కువ, చివరిసారి ఎప్పుడు కనిపించిందన్నదానికి తక్కువ.

అద్దెకున్నవారి జాడ దస్తావేజుల్లో దాదాపు దొరకదు. పైన చెప్పిన చట్టమే ఏడాదికి మించిన కౌలును తప్పనిసరిగా నమోదు చేయించాలంటుంది కాబట్టి, పదకొండు నెలల ఒప్పందం రాసుకునే అలవాటు స్థిరపడింది, ఆ ఒప్పందాలు ఏ కార్యాలయానికీ చేరవు. వారి కోసం ఇంటింటికీ తిరిగి రాసిన రికార్డులకే వెళ్లాలి: నగర డైరెక్టరీలు, జనాభా లెక్కల పత్రాలు, ఓటర్ల జాబితాలు, పన్ను పుస్తకాలు.

నగర డైరెక్టరీల్లో పేర్ల క్రమంలో ఒక భాగం, వీధుల క్రమంలో మరో భాగం ఉండటం పరిపాటి, మనకు కావలసింది వీధుల భాగం. బెర్లిన్ నగర చిరునామా పుస్తకాలను అక్కడి నగర గ్రంథాలయం డిజిటల్ రూపంలో అందరికీ అందుబాటులో ఉంచింది. వాటిలో ప్రతి నంబరు కిందా ఇంట్లో ఉన్నవారి పేర్లూ వృత్తులూ ఇస్తూ, యజమాని పేరుకు ముందు 'E' అనే అక్షరం (యజమాని అనే అర్థమున్న జర్మన్ మాటకు పొడి అక్షరం) వేస్తారు. యజమాని వేరే చోట ఉంటే అతడి చిరునామా కూడా అక్కడే కనిపిస్తుంది. యజమాని, నివాసి అన్న తేడాను ఇంత తేటగా చూపే రికార్డు అరుదు. ఏ దేశపు డైరెక్టరీ అయినా ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. వివరాలు సేకరించి అచ్చు వేసేసరికి నెలలు గడుస్తాయి కనుక, అట్ట మీద 1911 అని ఉన్నా లోపలి వివరాలు 1910 నాటివి కావచ్చు. పైగా వాటిలో ఇంటి పెద్ద పేరు మాత్రమే ఉంటుంది, భార్యాపిల్లలు, పనివారు, ఒక గదిలో తలదాచుకున్నవారు సాధారణంగా కనిపించరు.

జనాభా లెక్కలను ఎలా చదవాలి

ఇంట్లోని మనుషులందరినీ ఒకేచోట చూపించేవి జనాభా లెక్కల పత్రాలే. అయితే వాటిని బయటపెట్టే విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. ఇంగ్లండు, వేల్స్ పత్రాలను నూరేళ్ల తరువాత విడుదల చేస్తారు, 1921 నాటివి 2022 జనవరిలో బయటికొచ్చాయి. అమెరికాలో ఆ గడువు 72 ఏళ్లు, 1950 నాటి పత్రాలు 2022 ఏప్రిల్ 1న అందుబాటులోకి వచ్చాయి. భారతదేశంలో 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఇంటింటి పత్రాలు ఎవరికీ చూపరు, అక్కడ ఈ దారి మూసి ఉన్నట్టే.

తెరిచి ఉన్న దారిలోనూ గుంటలున్నాయి. అమెరికా 1890 పత్రాల్లో అత్యధిక భాగం 1921 నాటి అగ్నిప్రమాదం వల్ల నాశనమైంది. ఇంగ్లండు, వేల్స్‌ల 1931 పత్రాలు 1942లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కలే తీయలేదు. అందుకే అక్కడ 1921 తరువాతి కాలానికి 1939 సెప్టెంబరు 29న ఇంటింటి మనుషులను నమోదు చేస్తూ తయారు చేసిన జాతీయ రిజిస్టరు ప్రాణాధారం. ఈ గుంటల సంగతి ముందే తెలిస్తే లేని కాగితం కోసం రోజుల తరబడి తిరగాల్సిన అవసరం ఉండదు.

పత్రం చేతికొచ్చాక అది ఎలా పుట్టిందో ఆలోచించాలి. గణకుడు నడిచిన క్రమంలోనే ఇళ్లు రాసి ఉంటాయి, అతడు వీధిలో ఒక వైపు కొంతదూరం వెళ్లి, పక్క సందులోకి తిరిగి, అది ముగించుకుని మళ్లీ మొదటి వీధిలోకి వచ్చి ఉండవచ్చు. కాబట్టి మీ ఇల్లు దొరికిన పుటతో ఆగకుండా ముందు రెండు పుటలు, తరువాత రెండు పుటలు చదివి అతడి నడకను కాగితం మీద గీసుకోవాలి. ఇంటి నంబర్లు రాయని పాత పత్రాల్లో ఆ నడకే నంబరుకు బదులు. వయసుల విషయంలోనూ తొందర పనికిరాదు. ఇంగ్లండు 1841 పత్రాల్లో పదిహేనేళ్లు దాటినవారి వయసును దాని కిందనున్న అయిదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు, అందువల్ల అక్కడ 35 అని ఉంటే మనిషికి 39 కూడా ఉండవచ్చు. అమెరికా 1940 పత్రాల్లో ఇంటి వివరాలు ఎవరు చెప్పారో వారి పేరు పక్కన వృత్తంలో ఒక అడ్డగీతల గుర్తు పెట్టారు. చెప్పింది ఇంటి ఇల్లాలా, పెద్ద కొడుకా అన్నది ఆ చిన్న గుర్తు వల్ల తెలుస్తుంది, దాన్ని బట్టి ఏ వివరాన్ని ఎంతవరకు నమ్మవచ్చో అంచనా వేసుకోవచ్చు.

ఓటర్ల జాబితాలు ఏటా వచ్చేవి కాబట్టి పదేళ్లకొకసారి జరిగే జనాభా లెక్కల మధ్య ఖాళీని అవి నింపుతాయి. ఓటు హక్కు ఎవరికుందో తెలియకుండా వాటిని చదివితే మాత్రం బోల్తా పడతాం. బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికలకు స్త్రీలలో ముప్పై ఏళ్లు దాటిన కొందరికి 1918లో, పురుషులతో సమానంగా 1928లో ఓటు వచ్చింది. 1929 జాబితాలో ఒక ఇంట కొత్తగా ఇద్దరు ఆడపిల్లల పేర్లు కనిపిస్తే వారు ఆ ఏడు వచ్చినవారు కానక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి అదే ఇంట్లో ఉండి, అప్పుడే జాబితాకెక్కినవారు కావచ్చు.

పట్టిక వేయడం

దొరికిన ప్రతి పేరునూ ఒకే పట్టికలోకి ఎక్కించాలి. ఎడమ పక్కన కిందికి ఇళ్లు, పైన అడ్డంగా సంవత్సరాలు, గడిలో పేరు, వృత్తి, ఆ వివరం ఏ కాగితం నుంచి వచ్చిందన్న సంగతి. ఇళ్లను నంబరు క్రమంలో కాక, వీధిలో నడిచే క్రమంలో పెట్టుకుంటే నంబర్లు మారినా పట్టిక చెదరదు. ఖాళీ గడులు అన్నీ ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. డైరెక్టరీ ఆ ఇల్లు ఖాళీగా ఉందని చెబితే అది ఒక సమాచారం, డైరెక్టరీలో ఆ నంబరే లేకపోతే అది వేరొక సమాచారం, మనం ఆ ఏడాది పుస్తకాన్ని ఇంకా చూడనే లేదంటే అది సమాచారమే కాదు. ఈ మూడింటికీ మూడు గుర్తులు పెట్టుకోని వారు ఆరు నెలల తరువాత తమ పట్టికను తామే చదువుకోలేరు. ఈ మాట అనుభవం మీదే చెబుతున్నాను.

పేరు నుంచి మనిషికి వెళ్లేటప్పుడు ఒకే పేరున్న ఇద్దరిని ఒక్కరిగా కలిపేయడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. పేరుతో పాటు వృత్తి, భార్య పేరు, వయసు, పిల్లల వరుస వంటివాటిలో కనీసం రెండు కలిస్తే తప్ప ఇద్దరూ ఒకరేనని రాయకూడదు. అలా కుదిరాక వీలునామాల సూచికలు, పాత పత్రికలు ఉపయోగపడతాయి. ఇంగ్లండు, వేల్స్‌లలో 1858 నుంచి ఉన్న వీలునామాల సూచికలో మరణించినవారి చిరునామా తరచుగా ఉంటుంది, ఒక కుటుంబం ఎప్పటిదాకా ఆ ఇంట్లో ఉందో దానివల్ల తేలుతుంది. పత్రికల్లో మాత్రం పేరుతో కాక చిరునామాతో వెతకాలి. అద్దె ప్రకటనలు, సామాను వేలం ప్రకటనలు, పనిమనిషి కావాలన్న ప్రకటనలు పేరు లేకుండా ఇంటి నంబరుతోనే పడేవి. వీధి పేరును పూర్తిగా, పొడి అక్షరాల్లో, తప్పు స్పెల్లింగుతో ఇలా నాలుగైదు రకాలుగా వెతకడం మేలు, ఎందుకంటే యంత్రం చదివిన పాత అచ్చులో అక్షరాలు తరచు తారుమారవుతాయి.

బొమ్మలు కూడా రికార్డులే. న్యూయార్క్ నగరం పన్ను విధింపు కోసం 1939 నుంచి 1941 వరకు అయిదు విభాగాల్లోని దాదాపు ప్రతి భవనానికీ ఫోటో తీయించింది, వాటిని నగర పత్రాగారం 2018లో ఆన్‌లైన్‌లో ఉంచింది. చాలా ఫోటోల్లో బ్లాకు నంబరు, స్థలం నంబరు ఉన్న చిన్న పలక కనిపిస్తుంది, ఒక్కోసారి దాన్ని పట్టుకుని నిలబడిన మనిషీ కనిపిస్తాడు. ఆ నంబర్లే ఆ ఫోటోను వెతకడానికి తాళంచెవి. కిటికీలో వేలాడే బోర్డు, మెట్ల మీద కూర్చున్న పిల్లలు, తలుపు మీది నంబరు వంటివాటిని పెద్దవి చేసి చూస్తే పట్టికలోని గడులకు ముఖాలు దొరుకుతాయి.

చిరునామాకు తేదీ తప్పనిసరి

చిరునామా దొరికింది కదా అని సంబరపడకూడదని నేర్పే ఉదాహరణ జర్మనీలో ఉంది. నాజీల చేతుల్లో బలైనవారి ఇళ్ల ముందు కాలిబాటలో గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు ఒక్కో పక్క దాదాపు పది సెంటీమీటర్లుండే చదరపు ఇత్తడి పలకలున్న రాళ్లను పొదగడం 1992లో మొదలుపెట్టాడు. 2023 మేలో లక్షవ రాయిని నురెంబర్గ్‌లో అమర్చారు. 'ఇక్కడ నివసించారు' అన్న మాటతో ఎక్కువ రాళ్లు మొదలవుతాయి. నియమం ఏమిటంటే, ఆ మనిషి తన ఇష్టంతో ఎంచుకున్న చివరి ఇంటి ముందే రాయి ఉండాలి. ఈ పనికి సాయపడే రికార్డుల్లో 1939 మే 17 నాటి జనాభా లెక్కల అదనపు పత్రాలు ఒకటి, వాటిలో నలుగురు తాతమామ్మల్లో ఎవరైనా జాతిరీత్యా యూదులా అని కూడా అడిగారు. కాని అంతకు రెండు వారాల ముందు, ఏప్రిల్ 30న వచ్చిన చట్టం యూదు కుటుంబాలకు అద్దె ఇళ్లలో ఉన్న రక్షణను తీసేసింది, ఆ తరువాత చాలామందిని ఇళ్లు ఖాళీ చేయించి, కొన్ని భవనాల్లో ఇరుకుగా కుక్కారు. అందువల్ల ఆ తరువాతి చిరునామా ఏదైనా బలవంతపు చిరునామా అయ్యే అవకాశం ఉంది. పరిశోధకులు అంతకు ముందరి చిరునామా పుస్తకాలకు వెళ్లి, వారు నిజంగా కాపురమున్న ఇంటిని తేల్చుకోవాల్సి వస్తుంది. మన వీధిలో ఇంత ఘోరం జరిగి ఉండకపోవచ్చు. అయినా ఒక కుటుంబం ఇంటికి ఎప్పుడు వచ్చిందన్నదానితో పాటు, ఎందుకు వచ్చింది, ఎలా వెళ్లిందన్నదీ అడగాల్సిన ప్రశ్నే.

వీధిలో చాలాకాలంగా ఉంటున్న పెద్దలను కలవడం చివరికి పెట్టుకోవద్దు, కాగితాలు ఆగుతాయి గాని మనుషులు ఆగరు. వెళ్లేటప్పుడు పేర్లు లేని వీధి పటం ఒకటి గీసుకుని తీసుకెళ్లి వారి ముందు పరిస్తే మంచిది. ఫలానా ఇంట్లో ఏ సంవత్సరంలో ఎవరున్నారని అడిగితే తెలియదంటారు. మీ చిన్నప్పుడు బడికి వెళ్లే దారిలో ఏ ఇల్లు దాటడానికి భయపడేవారని అడిగితే కుక్క ఉన్న ఇల్లు, దాని యజమాని, అతడి ఉద్యోగం, అతడు వెళ్లిపోయాక ఆ ఇంట్లో దిగినవారు అన్నీ వరుసగా వస్తాయి. తేదీల్లో పొరపాట్లుంటాయి, కాని ఎవరి తరువాత ఎవరు వచ్చారన్న క్రమం చాలావరకు నిలుస్తుంది. ఆ క్రమాన్ని పట్టికలో పెన్సిలుతో రాసుకుని, కాగితం దొరికాక సిరాతో దిద్దుకోవచ్చు.

వెతుకులాటలో ఆత్మహత్యలు, కోర్టు కేసులు, దివాలాలు, పిచ్చాసుపత్రి ప్రవేశాలు బయటపడతాయి. ఆ కుటుంబాల వారసులు పక్క వీధిలోనే ఉండవచ్చు. బతికి ఉన్నవారి వివరాలను ఎక్కడా ప్రచురించకూడదు, గతించినవారి విషయంలోనూ వారసులు తెలిసినవారైతే ముందు వారితో మాట్లాడటం మర్యాద.

పట్టిక ఒక రూపానికి వచ్చాక దాని ప్రతిని స్థానిక గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు చివరిసారి సవరించిన తేదీని, చూసిన డైరెక్టరీల సంవత్సరాలను, వెతికినా దొరకని సంవత్సరాలను మొదటి పుటలోనే రాయాలి. తరువాత ఎవరైనా పని అందుకుంటే 1926 పుస్తకాన్ని మీరు చూశారా లేదా అన్న సందేహంతో మళ్లీ మొదటి నుంచి వెతకాల్సిన పని వారికి ఉండదు.